ఉక్కు నగరంలో గాజు పడవలు

వేట ఆగిన రెండు నెలల్లో విశాఖ తీరంలో ఎక్కువగా వినిపించే మాటలు మూడు: రెజిన్, మ్యాట్, హార్డ్‌నర్. ఫైబర్ పడవకు తగిలిన దెబ్బను ఎవరి చేతులతో వారే మాన్పుకునే విద్య ఇది. ఇందులో మెరుగు దిద్దేది ఆఖరి గంటలోనే. అసలు పనంతా అంతకుముందే అయిపోతుంది.

జేబులోంచి రూపాయి బిళ్ల తీసి పడవ పక్కగోడ మీద కొట్టి చూడండి. టక్. టక్. టక్. గట్టి తలుపు తట్టినట్టు పొడిగా పలుకుతుంది. జానెడు జరిగి మళ్లీ కొట్టండి. టక్, టక్, డబ్. అక్కడ ఆగాలి. ఇంకోసారి కొట్టాలి. డబ్. మగ్గిన పనసకాయను తట్టినట్టు బోలుగా ఉంటుందా శబ్దం. సుద్దముక్కతో ఆ చోట ఓ గీత గీసి ముందుకు కదలాలి.

గీత గీసిన చోట కంటికి ఏమీ కనిపించదు. రంగు పోలేదు, పగులు లేదు. పైన గాజులా మెరుస్తూనే ఉంది. లోపల మాత్రం పొరలు విడిపోయాయి. పొట్లం విప్పిన పూతరేకును వేలితో నొక్కితే రేకుకూ రేకుకూ మధ్య గాలి ఆడినట్టే, పడవ గోడలోనూ సందు పుట్టింది. ఇవాళ అందులో గాలి ఉంది. వేట మొదలైతే నీళ్లుంటాయి.

ఏటా ఏప్రిల్ 15 దాటాక విశాఖ చేపలరేవు వైపు వెళ్లినా, పెదజాలరిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట, భీమిలి ఇసుక మీద నడిచినా, దక్షిణాన పూడిమడక దాకా పోయినా పడవలు ఒడ్డునే కనిపిస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా జూన్ 14 వరకు మరబోట్లకూ ఇంజిన్ పడవలకూ వేట నిషేధం. 2015కు ముందు 47 రోజులుండేది, ఆ ఏడాది నుంచి 61 రోజులైంది. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికిచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. చేపకు సెలవైన ఈ రెండు నెలలూ పడవకు మరమ్మతు కాలం. వల అల్లేవారు వల అల్లుకుంటారు, ఇంజిన్ విప్పేవారు ఇంజిన్ విప్పుతారు. నాలుగు పడవలకొకటి చొప్పున అరిగిన అడుగు భాగాన్ని పైకి తిప్పి బోర్లించి ఉంటుంది. పక్కనే రెజిన్ డబ్బా, ముక్కుపుటాలు అదిరే వాసన.

కుట్టిన పడవ, పోత పోసిన పడవ

ఈ తీరానికి ఫైబర్ కొత్త చుట్టం. అంతకుముందు తెప్ప ఉండేది. నాలుగైదు దుంగలను తాళ్లతో బిగిస్తే తెప్ప. ఒడ్డుకొచ్చాక తాళ్లు విప్పి దుంగలను ఎండకు వేసేవారు. ఏ దుంగ పుచ్చితే దాన్ని మార్చేవారు. పెద్దవల లాగడానికి వాడిన పడవలో మేకు అన్నదే ఉండేది కాదు. పలకకూ పలకకూ కొబ్బరి తాడుతో కుట్టు వేసేవారు. అల వచ్చి కొడితే ఆ పడవ వంగేది గానీ విరిగేది కాదు. కుట్టు వదిలితే మళ్లీ కుట్టుకోవడమే. ఆ రోజుల్లో మరమ్మతంటే విప్పడం, మళ్లీ కట్టడం.

గాజుపోగుతో పడవ చేయవచ్చన్న ఆలోచన అమెరికాలో పుట్టింది. ఒహాయో రాష్ట్రంలో 1932లో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను అతికించే ప్రయత్నంలో ఉండగా, కరిగిన గాజు మీదికి గాలి దూసుకురావడంతో ఆ గాజు సన్నని పోగులై ఎగిరింది. పదేళ్ల తర్వాత అదే రాష్ట్రంలో రే గ్రీన్ ఆ పోగులను రెజిన్‌తో కలిపి పడవ చేశాడు. మన వైపు ఈ విద్యను తెచ్చినవాటిలో ముఖ్యమైనది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్. రేవు లేని తీరంలో అలలను చీల్చుకుంటూ వచ్చి ఇసుక మీద ఆగాలి, మునిగినా తేలాలి, తెప్పకంటే ఎక్కువ బరువు మోయాలి. అలాంటి పడవల నమూనాల కోసం ఆ సంస్థ 1980ల్లో తూర్పు తీరంలో ప్రయోగాలు చేసింది. మంచి దుంగలు దొరకడం కష్టమవుతున్న కొద్దీ ఫైబర్ పడవ ఊరూరా నిలదొక్కుకుంది. 2004 సునామీ తర్వాత సహాయంగా వచ్చిన పడవల్లోనూ ఫైబర్‌దే పైచేయి.

చేపలరేవులోని పెద్ద బోట్ల కథ వేరు. వాటిలో చెక్క పొట్ట మీద ఫైబర్ తొడుగు వేసినవీ ఉంటాయి. చెక్క మీద ఫైబర్ తొడగడంపై కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది. దానికి విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది. తొడుగు బోటుకు ఒక షరతుంది: కింద చెక్క బాగా ఆరాలి. తడి చెక్కను ఫైబర్‌తో మూసేస్తే పైన నిగనిగలాడుతూనే లోపల కుళ్లిపోతుంది.

అతకదు, పట్టుకుంటుందంతే

విశాఖ లోహం తెలిసిన ఊరు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగిన నౌకా నిర్మాణ కేంద్రం ఇక్కడే ఉంది. ఓడ పొట్టకు సొట్ట పడితే ఏం చేయాలో ఈ ఊరి వెల్డర్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దెబ్బతిన్న రేకును కోసి, కొత్త రేకు పెట్టి, అంచులు కరిగించి ఒకటి చేస్తారు. కరిగిన ఉక్కు చల్లారితే పాతదీ కొత్తదీ అన్న తేడా ఉండదు.

ఫైబర్‌కు ఆ భాగ్యం లేదు. ఒకసారి గట్టిపడ్డ రెజిన్‌ను కాల్చగలం గానీ కరిగించలేం. అందుకే కొత్త రెజిన్ పాతదానితో కలిసి ఒకటైపోదు, దాన్ని గట్టిగా పట్టుకుంటుందంతే. పట్టు చిక్కాలంటే పాత ఒళ్లు గరుకుగా, శుభ్రంగా, పొడిగా ఉండాలి. పట్టుకునే చోటు వెడల్పుగా ఉండాలి. ఈ విద్యలోని నియమాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వచ్చాయి.

పడవ గోడను అడ్డంగా కోసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అన్నిటికంటే బయట అర మిల్లీమీటరు మందాన రంగు పూత ఉంటుంది. అదే జెల్‌కోట్. నీటినీ ఎండనూ అడ్డుకోవడం దాని పని. దాని వెనక గాజుపోగుల మ్యాట్, రెజిన్ ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా ఉంటాయి. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెజిన్ తాగి గట్టిపడితే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల గోడ అంటే అటూ ఇటూగా ఆరు పొరలు. బలం వాటిదే, జెల్‌కోట్‌ది కాదు. ముఖానికి పౌడర్ రాసినంత మాత్రాన విరిగిన ఎముక అతుక్కోదు కదా!

ఏ దెబ్బ ఎంత లోతు?

అందుకే ముందు తేల్చుకోవలసింది దెబ్బ ఏ పొర దాకా పోయిందన్నది.

గోరుతో రాస్తే తగిలీ తగలనట్టుండే గీతలు జెల్‌కోట్ దాటవు. వాటికి పైపూత చాలు. నక్షత్రంలా, సాలెగూడులా అన్ని వైపులా చీలిన సన్నని పగుళ్లు కనిపిస్తే అనుమానించాలి. ఆ చోట గోడ వంగుతోందనో, ఏదో గుద్దుకుందనో వాటి అర్థం. కారణం చూడకుండా పగుళ్లు పూడిస్తే మరుసటి ఏడాది అవే మళ్లీ వస్తాయి. ఎక్కువ కాలం నీళ్లలోనే నిలిచిన బోట్లకు అడుగున పొక్కులు లేస్తాయి. జెల్‌కోట్ గుండా మెల్లగా చేరిన నీరు లోపలి పదార్థాలతో కలిసి ఉబ్బి, చిదిపితే ఘాటైన పుల్లని వాసనతో బయటికొస్తుంది. ఇసుక మీద లాగే పడవలకైతే అడుగున వెన్నెముకలా పోయే గట్టు అరిగిపోతుంది. లోపలి గాజు పోగులు కొబ్బరి పీచులా పైకి తేలితే జెల్‌కోట్ ఎప్పుడో పోయిందన్నమాట.

ఆఖరిది చిల్లు. రాయి తగిలినా, తుపానులో పడవకు పడవ గుద్దుకున్నా పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఒడ్డున కట్టిన పడవలు కూడా ఒకదాని మీదొకటి పడి నుజ్జయ్యాయి. ఆ సంగతి ఇక్కడి వారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

నిమ్మకాయంత చిల్లు, పళ్లెమంత గాయం

చిల్లు చిన్నదే అనుకుందాం. నిమ్మకాయ పట్టేంత, అంటే నాలుగు సెంటీమీటర్లు. గోడ మందం ఆరు మిల్లీమీటర్లు. తెలియనివారు చేసేది ఒకటే. చిల్లులో పుట్టీ కూరి, పైన రెండు మ్యాట్ ముక్కలు అంటించి, రంగు వేసేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. పట్టుకునే చోటు మాత్రం చిల్లు అంచు మేరకే, ఆరు మిల్లీమీటర్లే. నాలుగు అలలు తగిలేసరికి సీసా బిరడాలా ఊడి వస్తుంది.

తెలిసినవారు ముందు చిల్లును పెద్దది చేస్తారు. చెదిరిన, తెల్లబారిన, మెత్తబడిన భాగమంతా గ్రైండర్‌తో తీసేస్తారు. ఆ తర్వాత అంచు చుట్టూ ఏటవాలుగా చెక్కుతారు. లెక్క సుమారు ఒకటికి పన్నెండు. అంటే ఆరు మిల్లీమీటర్ల మందానికి చుట్టూ 72 మిల్లీమీటర్ల వాలు. నాలుగు సెంటీమీటర్ల చిల్లు చుట్టూ ఆ వాలు తీస్తే గాయం 18 సెంటీమీటర్ల పైచిలుకు అవుతుంది. నిమ్మకాయ పోయి పళ్లెం వచ్చింది! మొదటిసారి చేసేవారికి ఇక్కడే చేయి వణుకుతుంది. ఉన్న పడవను చేజేతులా పాడు చేస్తున్నామనిపిస్తుంది. కానీ పళ్లెం ఆకారంలో సన్నగా దిగిన ఆ వాలు మీదే కొత్త పొరలు ఒక్కొక్కటీ పాత పొరలను పట్టుకుంటాయి. అంచు ఎంత పలుచగా తేలితే పట్టు అంత వెడల్పు.

చెక్కడానికి ముందొక పని ఉంది. మంచినీళ్లతో పడవను బాగా కడగాలి. ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. విశాఖ గాలిలో తేమకు కరవు లేదు. కడిగాక ఎండలో రోజుల తరబడి ఆరనివ్వాలి. గ్రీజు, మైనం మరకలుంటే చెక్కకముందే ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. మైనం మీద గ్రైండర్ పెడితే దాన్ని గరుకులోకి రుద్దినట్టే అవుతుంది.

గ్రైండర్ తిరిగితే లేచే ధూళి గాజు ధూళి. పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు, మంచి మాస్కు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. తలకు చుట్టిన తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోదు. ఒంటిమీద పడితే దురద ఆ రాత్రంతా నిద్ర పోనివ్వదు. రుద్దకుండా చన్నీళ్లతో కడుక్కోవాలి.

కప్పులో కాగే మంట

ఇప్పుడు రెజిన్. బెల్లం పాకంలా చిక్కగా, గులాబీ రంగులోనో లేత పసుపులోనో ఉంటుంది. దానంతట అది ఎండదు. హార్డ్‌నర్ కలపాలి. దుకాణంలో హార్డ్‌నర్ అని అడిగితే ఇచ్చే నీటిలాంటి ద్రవం పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. రెజిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం మధ్య కలుపుతారు. మన పళ్లెమంత గాయానికి ఆరు పొరలకూ కలిపి పట్టే రెజిన్ వంద గ్రాములు, అందులోకి హార్డ్‌నర్ ఒకటిన్నర మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే సిరంజీతో కొలవాల్సిన మోతాదు ఇది. సీసా వంచి కళ్లతో అంచనా వేస్తే ఒక రోజు బండలా బిగుసుకుంటుంది, ఇంకో రోజు వారమైనా ఆరదు. ‘ఏటి మావా, ఇంకా జిగురే ఉందేటి?’ అని పక్క పడవవాడు ఎగతాళి చేసేది ఇలాంటప్పుడే.

ఒక మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. రెజిన్‌లో త్వరగా గట్టిపడటానికి కోబాల్ట్ అనే ఊదా రంగు ద్రవం కూడా కలుస్తుంది. ఇప్పుడు దొరికే రెజిన్లలో చాలావాటిలో ముందే కలిపి ఉంటుంది. విడిగా కొంటే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాక, ఆ తర్వాతే హార్డ్‌నర్ పోయాలి. కోబాల్ట్‌నూ హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలవచ్చు కూడా. ఈ రెండు సీసాలూ ఒకే సంచిలో ఉండకూడదు.

కలిపాక చూడాల్సిన వింత ఒకటుంది. పేపరు కప్పులో వంద గ్రాములూ ఒకేసారి కలిపి పక్కన పెట్టండి. పావుగంట గడిచేలోపే కప్పు అడుగు వెచ్చబడుతుంది. ఇంకో రెండు నిమిషాలకు పట్టుకోలేం. ఆ తర్వాత పొగ. పాకం ముద్దలా గట్టిపడి, పగిలి, పసుపు రంగుకు తిరుగుతుంది. అదే వంద గ్రాములను అదే క్షణంలో మ్యాట్ మీద పలుచగా పరిస్తే చేతికి గోరువెచ్చగా తగిలి ఊరుకుంటుంది. గట్టిపడేటప్పుడు రెజిన్ వేడి పుట్టిస్తుంది. పరిచిన చోట ఆ వేడి గాలిలోకి పోతుంది. కుప్పలో పోవడానికి దారి లేదు. వేడి పనిని తొందర చేస్తుంది, ఆ తొందర ఇంకా వేడి పుట్టిస్తుంది. అందుకే ఒక్కసారికి యాభై గ్రాములకు మించి కలుపుకోవద్దు, మూడు నాలుగు పొరలకు మించి వేయొద్దు. మొదటి విడత చల్లారాక రెండోది.

రెజిన్ డబ్బా మూత తీయగానే వచ్చే తియ్యని ఘాటు వాసన స్టైరిన్‌ది. రెజిన్‌లో దాదాపు మూడోవంతు నుంచి సగం దాకా అదే ఉంటుంది. ఆ పేరు విశాఖకు ఎలా తెలిసిందో వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో నిల్వ ఉన్న స్టైరిన్ ట్యాంకులో వేడెక్కి, దానంతటదే పాలిమర్‌గా మారడం మొదలైంది. వేడి అదుపు తప్పింది. ఆవిరి ఊరి మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. అక్కడ తయారయ్యేది పడవల రెజిన్ కాదు, పద్ధతీ ఇది కాదు. కానీ పాలిమర్‌గా మారేటప్పుడు పుట్టే వేడి, పోయే దారి లేక పెరిగే వేడి రెండు చోట్లా ఒకటే. టన్నుల లెక్కలో జరిగింది ఊరిని ముంచింది. గ్రాముల లెక్కలో జరిగేది పేపరు కప్పును కాలుస్తుంది.

స్టైరిన్ ఆవిరి 31 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే మంట అందుకుంటుంది. మే నెల విశాఖ మధ్యాహ్నం అంతకంటే వేడిగానే ఉంటుంది. బీడీ, వెల్డింగ్ నిప్పు, గ్యాసు పొయ్యి ఏవీ దగ్గర ఉండకూడదు. మూసిన గదిలో కలపకూడదు. 2023 నవంబరు 19 రాత్రి చేపలరేవులో చెలరేగిన మంట దాదాపు 40 బోట్లను బూడిద చేసింది. డీజిలు, గ్యాసు సిలిండర్లు నిండిన బోట్లు ఒకదాన్నొకటి అంటుకుని ఉండటంతో అదుపు చేయడం కష్టమైంది. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రెజిన్ పూసిన గాజు ఒకసారి అంటుకుంటే నల్లటి పొగతో ఎలా కాలుతుందో ఆ రేవు వారికి బాగా తెలుసు.

పొర మీద పొర

గాయం పళ్లెంలా సిద్ధమైంది. లోపలి వైపు నుంచి చేరుకోగలిగితే మంచి ఉపాయం ఒకటుంది. సన్‌మైకా ముక్కకు మైనం రాసి, నున్నటి వైపు పడవకు ఉండేలా బయటి నుంచి బిగిస్తారు. అదే అచ్చు. లోపలి నుంచి ముందు జెల్‌కోట్, తర్వాత మ్యాట్ వేస్తూ వస్తే, ఆరాక అచ్చు తీయగానే బయటి ముఖం నున్నగా వచ్చేస్తుంది. ఇందులో వాలును కూడా లోపలి వైపే చెక్కాలి. లోపలికి చేయి పట్టకపోతే లోపలి నుంచి ఏదో ఒక ఆధారం నిలిపి, బయటి నుంచే పొరలు వేయాలి.

మ్యాట్‌ను వాలుకు సరిపోయేలా గుండ్రని ముక్కలుగా ముందే చించి పెట్టుకోవాలి. కత్తెర కంటే చేత్తో చించిన అంచు పలుచగా వాలులో కలిసిపోతుంది. పెద్ద ముక్క ముందా, చిన్నది ముందా అన్నది ఈ పనిలో తెగని వాదం. పెద్దది ముందు వేస్తే వాలంతటినీ ఒకే పొర పట్టుకుంటుంది, చివర్లో సాండర్ తగిలినా పై చిన్న ముక్కలే అరుగుతాయి. చిన్నది ముందు వేస్తే పోయిన పొరలు ఉన్నవి ఉన్నట్టు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. రెండు పద్ధతుల్లో చేసిన పడవలూ సముద్రంలో తిరుగుతున్నాయి.

ముందు వాలంతటికీ రెజిన్ రాసి, పైన మ్యాట్ పెట్టి, బ్రష్‌ను పూసినట్టు కాక పొడిచినట్టు వాడాలి. పూస్తే పోగులు బ్రష్‌తో పాటు లేచి వస్తాయి. తెల్లగా ఉన్న మ్యాట్ రెజిన్ తాగిన కొద్దీ అద్దంలా పారదర్శకమవుతుంది. ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ గాలి ఉంది. గాడులున్న ఇనుప రోలర్‌తో నడిమి నుంచి అంచుకు దొర్లిస్తే బుడగలు చిటచిటమంటూ బయటికి పోతాయి. అన్నం వార్చేటప్పుడు గంజి వెళ్లగొట్టినంత ఓపికగా చేయాలి. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్ల రెజిన్ చాలు. ఎక్కువ పోస్తే బలం పెరగదు. గాజు లేని రెజిన్ అప్పడంలా పెళుసు.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. తెల్లవారుజామున పడవ మీద మంచు తేమ ఉంటుంది. నడి మధ్యాహ్నం బ్రష్ ముంచేలోపే రెజిన్ బిగుసుకుంటుంది. పొద్దున తేమ ఆరిన తర్వాత ఎండ ముదిరేలోపు, లేదంటే నాలుగు దాటాక టార్పాలిన్ నీడన పని చేసుకోవడం మేలు. ఎండ ఎక్కువగా ఉందని హార్డ్‌నర్‌ను ఒక శాతానికి దిగువకు తగ్గిస్తే లోపల పచ్చిగా మిగిలిపోతుంది. మోతాదు అలాగే ఉంచి వేళ మార్చుకోవాలి. విడతకూ విడతకూ మధ్య రోజు గడిస్తే ఆరిన ఒంటిని మళ్లీ గరుకు చేసి, తుడిచాకే తర్వాతి పొర వేయాలి.

మెరుపు ఆఖర్న

జెల్‌కోట్ చిత్రమైన పదార్థం. గాలి తగిలిన వైపు గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. అందుకే ఆఖరి పూతలో మైనం ద్రావణం కలుపుతారు, లేదా పూత మీద పలుచని ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు. చిన్న గీతలకు ఈ కాగితం పద్ధతి చక్కగా పనిచేస్తుంది. గీతను కొంచెం విడదీసి, శుభ్రం చేసి, జెల్‌కోట్‌ను పడవ ఒంటి కంటే వెంట్రుకంత ఎత్తుగా నింపాలి. పైన ప్లాస్టిక్ కాగితం పరిచి కార్డు ముక్కతో ఒత్తాలి. మర్నాడు కాగితం ఒలిస్తే లోపల నున్నని బొడిపె. నీళ్లతో తడుపుతూ 220 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800, 1200 దాకా రుద్దాలి. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, చివర వ్యాక్స్.

రంగు కలపడం ఇంకో పరీక్ష. డబ్బాలోని తెలుపు కొత్త తెలుపు. పదేళ్ల ఎండ తిన్న పడవ తెలుపులో పసుపు, బూడిద రంగులు కలిసి ఉంటాయి. పిగ్మెంట్‌ను అగ్గిపుల్ల మొనతో ముంచి చుక్కచుక్కగా కలుపుతూ, పడవ మీదే ఒక మూల అద్ది ఆరాక చూడాలి. తడిలో ఒకలా, ఆరాక ఇంకోలా కనిపిస్తుంది. వేటకు పోయే పడవకు ఇంత అవసరం లేదనుకునేవారు దానిమీద ముదురు రంగు వేసేస్తారు. తప్పేం లేదు, అడుగు పొరలు సరిగ్గా ఉంటే చాలు.

ఏది మీ పని, ఏది కాదు

● జెల్‌కోట్ గీతలు, చిన్న పగుళ్లు, అరిగిన అడుగు గట్టు, అరచేయంత చిల్లు ఓపికుంటే ఎవరికి వారు చేసుకోవచ్చు.

● ఇంజిన్ కూర్చునే చోటు, పడవ ముక్కు, అడ్డపట్టెల దగ్గర పగులు, పక్కగోడ పొడవునా ‘డబ్’ అన్న శబ్దం ఉంటే తెలిసిన మేస్త్రీ చేతికివ్వాలి.

● గ్రైండింగ్ ధూళి, మిగిలిన రెజిన్ సముద్రం పాలు కాకూడదు. మిగిలిన రెజిన్‌ను కప్పులో వదిలేయకుండా రేకు మీద పలుచగా పరిచి, గట్టిపడ్డాకే పారేయాలి.

● హార్డ్‌నర్ కంట్లో పడితే వెంటనే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి, ఆసుపత్రికి పోవాలి.

● ఇదే పద్ధతి ఇంట్లో ఫైబర్ తలుపు పగిలినా, వీధిలో ఫైబర్ బొమ్మ చెయ్యి విరిగినా పనికొస్తుంది. మేడమీది నల్ల నీళ్ల ట్యాంకుకు మాత్రం కాదు. అది పాలిథీన్, రెజిన్ దానికి అంటదు.

● అతుకు వేసిన చోట లోపలి వైపు మార్కర్‌తో తేదీ, ఎన్ని పొరలో రాసి పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత మీ పడవను మీకే పరిచయం చేసే చీటీ అది.

పుచ్చని పడవ ఎటు పోవాలి?

కుట్టిన పడవ ముసలిదైతే పొయ్యిలో కట్టె అయ్యేది, లేదా మట్టిలో కలిసేది. ఉక్కు ఓడ ముసలిదైతే కరిగి మళ్లీ ఉక్కు అవుతుంది. ఫైబర్ పడవకు ఈ రెండు దారులూ మూసుకుపోయాయి. కరగదు, పుచ్చదు. తీరం వెంట తుప్పల్లో బోర్లా పడి, లోపల వాననీళ్లు నిలిచి, ఎండకు పోగులు రాలుస్తూ ఉండే పడవలను చూసే ఉంటారు. వాటిని ఏం చేయాలన్నది ప్రపంచమంతా తల పట్టుకుంటున్న ప్రశ్న. దానికి జవాబు దొరికేదాకా ఉన్న దారి పాతదే, ఉన్నదాన్ని బాగు చేసుకుని ఇంకో పదేళ్లు నడిపించుకోవడం. ఆ పదేళ్లు దక్కేది పైపూతతో కాదు. అర మిల్లీమీటరు జెల్‌కోట్, మిల్లీమీటరు మ్యాట్, సిరంజీలో ఒకటిన్నర మిల్లీలీటర్లు, పళ్లెంలా చెక్కిన వాలు... ఈ పనిలో బలమంతా పలుచదనంలోనే ఉంది. తొందరపడి కుప్ప పోసిన చోటల్లా అది కాలుతుంది, లేదంటే ఊడుతుంది.

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం తీరుతుంది. అంతకుముందే గంగమ్మకు పూజ, పడవ ముక్కుకు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. బాగు చేసిన చోట ఆఖరిసారి రూపాయి బిళ్ల కొడతారు. టక్, టక్, టక్. మనుషులు భుజాలు ఆనించి నెట్టగా పడవ మొదటి అల దాటుతుంది, ఇంజిన్ అందుకుంటుంది. మొదటి అరగంట వల మీద ఎవరి చూపూ ఉండదు. ఒకరు వంగి, అడుగు బల్ల ఎత్తి, అతుకు వేసిన చోట అరచేత్తో తడిమి చూస్తారు. చేయి పొడిగా వస్తుంది. బల్ల మూసేసి వల వైపు తిరుగుతారు.